ఊపిరి కొలత

కరకంబాడి రోడ్డు పక్క పెయింట్‌బాల్ మైదానంలో
పొద్దున్నే నా పని ఊదడం.

గొట్టం నోట్లో ఒక గుండు వేస్తాను.
దానంతటదే జారి అరచేతిలో పడిందా, వదులు.
ఒకటి కంచె దాటుతుంది,
ఇంకోటి కాళ్ల దగ్గరే తల వాలుస్తుంది.
ఊదినా కదల్లేదా, బిగువు.
లోపలే చిట్లి గొట్టమంతా పచ్చటి జిగురు,
ఆ తర్వాత ఏ గుండూ చెప్పిన మాట వినదు.
చిన్న ఊపిరికి టుప్పుమని బయటికి రావాలి.

రాత్రి కొండ మీంచి దిగిన వాన
పెట్టెలో గుండ్లన్నిటినీ వెంట్రుకవాసి ఉబ్బించింది.
నిన్నటి గొట్టం ఇవాళ పనికిరాదు.
"అన్నీ ఒకటే సైజు గదా రెడ్డెమ్మా,
డబ్బా మింద రాసుండాది" అంటాడు ఓనరు జయచంద్ర.

మా అమ్మ గంగమ్మ గుడి వీధిలో గాజులమ్మింది.
చెయ్యి పట్టుకుని, బొటనవేలి మొదలు నొక్కి చూసి
పోయినేడు రెండూ నాలుగు వేసుకున్న చేతికే
ఈ ఏడు రెండూ ఆరు తీసేది.
ఎవర్నీ సైజు అడిగేది కాదు.

బస్సు దిగిన కాలేజీ పిల్లలు తొందరపెడుతున్నారు.
మూడో గొట్టం అందుకుని ఊదాను.

టుప్.

అరచేతిలో నారింజ రంగు,
కొంచెం చెమ్మగా, చిట్లకుండా.