మెట్ల మలుపు

హంద్రీ గట్టున ఎకరా పది సెంట్లు.
నాలుగంతస్తులు, తొంభై ఆరు కొంపలు.
కాగితం మీద అన్నీ పట్టాయి.
కాగితం దేన్నీ కాదనదు.

గుడిసెల మధ్య నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి
ప్లాను నాపబండ మీద పరిచి
గాలికి లేవకుండా
నాలుగు మూలలా నాలుగు చెప్పులు పెట్టారు.

ఖాజాబీ వేలితో తన తలుపు వెతుక్కుంది.
"ఎదురింటి తలుపు నా ఇంట్లోకే చూస్తాంది మేడం,
జర పక్కకి జరుపు."
చెరిపాను. ఒక తలుపు జరిగితే
పైన మూడు తలుపులు జరిగాయి,
కిందెక్కడో నీళ్ల గొట్టం అడ్డం తిరిగింది.

నడిపి దస్తగిరి దూదేకే విల్లు మోసుకొచ్చి
నా వరండా పక్కన ఆనించాడు.
వరండా ఆరడుగులు. విల్లు ఏడు.
"మిషనొచ్చింది గదా, ఇంకా దీంతో ఏకుతారా?"
"ఏకం. పారేయం గూడా."

బీరప్పవి రెండు మేకలు.
నా ఫారంలో మేకలకి గడి లేదు.
ఎలీషమ్మ ఇంటికి ఆదివారం ముప్పైమంది వస్తారు,
పాడతారు. గోడ నాలుగున్నర అంగుళాలు.
పక్కింట్లో ఇంటర్ చదివే పిల్ల.

మే నెలలో లోపల పడుకునేదెవరు?
ట్యాంకులు పోగా మిద్దెని పంచి చూశాను:
మనిషికి ఇరవై ఐదు చదరపు అడుగులు,
మంచానికి పద్దెనిమిది.
మిగిలిన ఏడూ
చెంబుకీ, చెప్పులకీ,
నడిరాత్రి లేచి దిగేవాళ్ల కాళ్లకీ.

అప్పటిదాకా బీడీ తాగుతూ కూర్చున్న
మద్దిలేటి తాత అడిగాడు.
"మెట్లు ఎంత ఎడల్పు?"
మూడడుగుల మూడంగుళాలు, రూలు ప్రకారమే.
"మలుపు కాడ?"
అంతే.

పిల్లకాయల్తో ముగ్గుపిండి తెప్పించాడు.
"గీయి" అన్నాడు.
మట్టిలో గీశాను, అసలు కొలతకి,
మెట్లూ, మలుపూ, మళ్లీ మెట్లూ.
నులకమంచం తెప్పించి
దానిమీద తనే ఎక్కి పడుకున్నాడు,
బొటనవేళ్లు రెండూ దగ్గరికి చేర్చి.

నలుగురు భుజానికెత్తారు.
రెండో మెట్టు, ఐదో మెట్టు,
మలుపు.
తాత కాళ్లు గీత దాటాయి.
వెనక్కొచ్చి తిప్పారు. తల దాటింది.
"ఏందబ్బా, సచ్చినాంక గూడా గోడకి గుద్దుకోవల్నా?"
మంచం మీంచే నవ్వాడు.

ఎవరూ నవ్వలేదు.
"జనాజా నిలబెట్టి దించుతారా?" ఖాజాబీ.
"పాడెన్నా వంగుతాది. మా పెట్టె అస్సలు తిరగదు." ఎలీషమ్మ.
ఒక కోడలు మెల్లగా,
"బీరువా గూడా."

నాలుగున్నర అడుగులు కావాలంటే
ఇంటికి తొమ్మిదంగుళాలు ఎవరో వదలాలి.
వంటగది ముట్టుకోవద్దని ఆడవాళ్లు.
టీవీ గది ముట్టుకోవద్దని మగవాళ్లు.
గంట సేపు తిట్టుకున్నారు, తెలుగులో, ఉర్దూలో.
టీలు వచ్చాయి. నా గ్లాసులో ఈగ పడింది.
చివరికి టీవీ గదే తగ్గింది. ఎలా తగ్గిందో
నేను సరిగ్గా వినలేదు, స్కేలు వెతుక్కుంటున్నాను.

కమిషనరు ఆఫీసులో రేపు అడుగుతారు,
రూలుకి సరిపోయింది గదా, ఇంకెందుకు పెంచావని.
జవాబు ఇంకా రాసుకోలేదు.

బండి స్టార్ట్ చేస్తూ వెనక్కి చూశాను.
ముగ్గు మెట్ల మీద
ఒక పిల్ల బిళ్ల విసిరి గెంతుతోంది.
మలుపు దగ్గర ఒంటికాలి మీద
చేతులు చాపి, ఊగి, ఆగి,
తిరిగింది,
గీత తొక్కకుండా.