ఇంటూ గుర్తు

మంగళవారం, గురువారం,
పదకొండూ పదికి గంట మోగాక
సిక్ బే తలుపు దగ్గర టెగన్.
కడుపునొప్పి, మిసెస్ కొల్లి.

థర్మామీటరు ఏమీ చెప్పదు.
వేడినీళ్ళ సంచి ఇస్తాను,
పొట్టకి ఆనించుకుని గోడవైపు తిరుగుతుంది.
కిటికీ అవతల జీలాంగ్ సముద్రపు గాలి,
చిప్స్ కోసం కొట్టుకునే సీగల్స్,
తొమ్మిదో తరగతి నవ్వులు.
ఏ నవ్వు వినపడ్డా
దుప్పటి కొంచెం పైకి జరుగుతుంది.

ఐదో వారం అడిగాను.
ఎవరూ కొట్టలేదు, అంది.
తిట్టలేదు కూడా.
నేను కూర్చోగానే బల్లంతా లేచిపోతుంది,
అంతే.

ఆ అంతేని ఎక్కడ రాయను?
నా ఫారంలో మనిషి బొమ్మలు రెండే,
ముందు వైపు, వెనక వైపు.
దెబ్బ తగిలిన చోట ఇంటూ పెట్టాలి.
మోకాళ్ళకి పెట్టాను, మోచేతులకి పెట్టాను,
నెట్‌బాల్ తగిలిన ముక్కులకైతే లెక్కే లేదు.

మా భాషలో అన్నీ కడుపులోనే పెట్టుకుంటాం, అన్నాను.
కోపం, రహస్యం, ఎదుటివాళ్ళ తప్పులు,
ముద్దొచ్చిన పిల్లల్ని కూడా.
నీ నొప్పి ఉండాల్సిన చోటే ఉంది.
ఇంకో మాట కూడా ఉంది,
కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని.
ఇంగ్లీషులో చెప్పేసరికి
ఛీ, అంటూ లేచి కూర్చుంది.
పళ్ళకి కట్టిన తీగ మొదటిసారి చూశాను.

ఆ సామెత విని
ముప్ఫై ఏళ్ళు నోరు మూసుకున్నదాన్ని.
దేని గురించో ఇక్కడ రాయను.
ఆమెతో మాత్రం అన్నాను,
పడితే పడనీ,
బకెట్ ఉంది, మాప్ ఉంది,
రోజూ తుడిచేది నేనేగా.

చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది.
తర్వాత ఫారం లాక్కుని
బొమ్మలు రెండింటినీ వదిలేసి
పక్కన ఖాళీలో ఒక బల్ల గీసింది.
ఏడు కుర్చీలు.
ఆరింటి మీద ఇంటూ.
ఏడోదానికి
కాళ్ళు గీయడం మర్చిపోయింది.

వైస్ ప్రిన్సిపల్ కళ్ళద్దాలు సర్దుకున్నాడు.
ఇందులో గాయం ఎక్కడ?
ఒంటి బయట, అన్నాను.
ఫారంలో దానికి చోటు లేదే, అన్నాడు.
లేదు, అందుకే వచ్చాను, అని
ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.
ఆయన లేచిపోలేదు.

గురువారం మళ్ళీ వచ్చింది.
బల్ల సంగతి అడిగితే భుజాలెగరేసింది.
నొప్పి ఉందట,
వేడినీళ్ళ సంచి మాత్రం వద్దంది.
ఏడో తరగతి పిల్ల ఒకతి
ముక్కు పట్టుకుని, చొక్కా నిండా రక్తంతో వస్తే
మంచం మీద కాస్త జరిగి,
తల పైకెత్తకు, ముందుకు వంచు, అంది
అచ్చం నా గొంతుతో.