తరుగు

రొండు నెల్లుగా అడగతా ఉండా దేవుణ్ణి.
శ్రీపెరంబుదూరు ఫోన్ల కంపెనీకి పొమ్మంటావా,
ఈడే గుడిపాల రోడ్డులో
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కాటా కాడ కుచ్చోమంటావా?
ఒక్క మాట చెప్పయ్యా, చాలు.

కొత్త సంవత్సరం రేత్రి నాకొచ్చిన వాగ్దానపు చీటీని
పర్సులోంచి తీసి తీసి చదివినా.
మడత కాడ చినిగింది, చెమటకు అక్షరం కరిగింది.
కండ్లు మూసుకోని వాక్యం తెరిచి వేలు పెడితే
ఒకనాడు వంశావళి వచ్చింది,
ఇంగొకనాడు గుడారం తెరలకు ఎన్ని కొలుకులో ఆ లెక్క.
రేపు ఎర్రబస్సు ఏడు లోపల వస్తే పొమ్మన్నట్టు అనుకున్నా,
గొర్రెబొచ్చు మింద మంచు చూసుకున్నాయన మాదిరి.
బస్సు సరిగ్గా ఏడుకే వచ్చింది.
ఏడంటే లోపలా, బయటా?
దాన్ని పట్టుకోని వారం నలిగినా.

పరంజ్యోతి అయ్యగారు నవ్వి
"కనిపెట్టమ్మా" అన్నాడు.
కనిపెట్టడమంటే కాచుకోవడమా, కనుక్కోవడమా
అని అడగబోయే లోపల
ఆయన టీవీఎస్సు మలుపు తిరిగిపాయె.

జూన్ పదో, పన్నెండో.
తోతాపురి బండ్లు బైపాసు దాకా నిల్చినాయి.
ట్రాక్టరు నీడలోనే వంటలు, టైర్లకానుకోని నిద్రలు.
గాలంతా పులిసిన తీపి.
చెంగల్రాయుడంట, బంగారుపాళ్యం పక్క పల్లె,
మూడు రేత్రిళ్ళు లైన్లో ఉండి
నాలుగోనాడు పొద్దున ప్లేటు మిందికి ఎక్కించినాడు బండిని.
నా తట్టు తిరిగిన డబ్బాలో
ఎర్రంకెలు వణికి, వణికి, నిలిచినాయి.

పోయినేటి నుంచీ నా వేళ్ళకు అలవాటే.
బండికి నూటిరవై కేజీలు తరుగు.
ఏ కాయితం మిందా ఆ మాట లేదు.
"కాయ నీళ్ళోడుస్తాది కదా కృపామణీ" అని
సూపర్వైజరు వరదప్ప నోటితో చెప్పిందే.
నేనూ అంకె తగ్గించేటప్పుడంతా లోపల్లోపల
ప్రభువా, నీ చిత్తమేందో చూపించు అనుకుంటానే
తగ్గించి కొట్టేస్తా ఉన్నా.

ముసలాయన కిటికీ కాడికొచ్చినాడు.
గొడవకు కాదు. తాగను నీళ్ళడిగినాడు.
నా బాటిలిస్తే మూతికి తగలకుండా ఎత్తి తాగి,
మూత బిగించి, పైపంచతో తుడిచి మళ్ళీ ఇచ్చి,
"చదువుకున్న బిడ్డవి, సరిగ్గానే ఏస్తావులే, చూసేదేముంది"
అని చీటీ కోసరం చెయ్యి చాపినాడు.

ఏ గొంతూ వినబళ్ళా.
వెలుగు లేదు, ఒళ్ళు జలదరించలా,
ఒక్క వాక్యమన్నా గుర్తుకు రాలా.
ఒకటే తెలిసింది:
ఇది నాకు పోయినేటి నుంచీ తెలుసు.
తెలిసినదాన్ని పక్కన బెట్టి
తెలియనిదాన్ని అడగతా ఉండా ఇన్నాళ్ళూ,
పాలోడి బాకీ ఎగేసి
బంగారం రేటు విచారించినట్టు.

ఉన్న తూకం కొట్టినా.
మిషను గురుగురుమని చీటీ కక్కింది.
ఆయన చూడకుండానే మడిచి జోబీలో పెట్టుకోని
బండి ముందుకు దొబ్బించుకున్నాడు.
ఆయనకేం తెలీదు.

పొద్దుగూకేసరికి పదకొండు బండ్లు.
వరదప్ప లెక్క చూసి, నన్ను చూసి, మళ్ళీ లెక్క చూసినాడు.
"రేపొచ్చి ఓనరుతో మాట్లాడుకో" అన్నాడు.
తిట్టలా. దానికే భయమేసింది.

బస్సుకింకా టైముంది.
ఎవురూ లేంది చూసి ఖాళీ ప్లేటు మింద నేనే ఎక్కి
కిటికీలోకి తొంగి చూస్తే యాభై.
నేను యాభై మూడు.
అదీ తీసింది తరుగు!
ఒకదాన్నే నిల్చుకోని నవ్వుకున్నా,
నవ్వులో రవ్వంత ఏడుపు కలిసింది.

శ్రీపెరంబుదూరు సంగతి ఆయనింకా ఏమీ చెప్పలా.
ఈ పూట నేనూ అడగలా.
రేపు కాటా కాడ నన్నుండనిస్తే
ఇంగో బాటిలు నీళ్ళు ఎక్కువ తెచ్చుకోవాల.
లైను ఇంకా శానా పొడుగుండాది.