మోత

మంగళ, గురు, శని.
తెల్లారగట్ల నాలుగున్నరకి
కవిటి నుంచి సోంపేట పోయే ఆటోలో
మేం ఆరుగురం. మాట్లాడుకోం.
ఎవరి చేతిమీద వాళ్ల తువ్వాలు,
ఎవరి కాళ్లవాపు వాళ్లది.

ముందు తూకం.
"రెండు కిలోల మూడొందలు ఎక్కువున్నావు" అంటుంది హైమ సిస్టరు.
అదంతా నీరే.
సీసామూతతో కొలిచి దమయంతి పోసిన నీరు,
అది చూడనప్పుడు
బిందె అడుక్కి వేలు పోనిచ్చి నాకిన నీరు.

ఒకప్పుడు రోజుకి నలభై కొబ్బరిచెట్లు ఎక్కేవాణ్ణి.
మొవ్వు పక్కన కూచుంటే సముద్రం కనపడేది.
దేవుడు ఇంకో నాలుగు మూరల పైనే ఉన్నాడనిపించేది,
చెయ్యి చాపితే అందుతాడని.
తుఫాను చెట్లని పడుకోబెట్టింది.
మరుసటేడు నన్ను.

మా ఊరి నీళ్లలో ఏముందో చూస్తామని
ఎవరెవరో వచ్చి సీసాలు నింపుకుపోయారు.
సీసాలూ తిరిగిరాలేదు, మాటా తిరిగిరాలేదు.
ఆయన్నీ అడిగాను.
ఆయన దగ్గర్నించీ ఏం రాలేదు.

రెండు సూదులు.
ఒక గొట్టంలో పోయేదీ నేనే
ఇంకో గొట్టంలో వచ్చేదీ నేనే.
నాలుగు గంటలు చిలుకుతుంది మిషను.
కళ్లు మూసుకుంటే శ్రీకూర్మంలో మా నాయనమ్మ,
తాబేళ్లకి తోటకూర పెడుతూ:
"కొండ తిరుగుతుంటే అందరూ కొండనే సూసార్రా.
పాముని పట్టుకున్న సేతుల్ని సూసారు.
అడుగునున్నోణ్ణి ఎవులూ సూడ్నేదు.
బరువంతా ఆడి మీదే."

నేను ఇన్నాళ్లూ పైకి చూశాను.

దమయంతితో చెప్పాను ఈ మాట.
పలాసలో జీడిపిక్కలు కొట్టొచ్చి
సొన కాల్చిన వేళ్లకి కొబ్బరినూనె రాసుకుంటోంది.
"మోసీవోడైతే మొయ్యనీ.
దీనికో కారణం ఉందని మాత్రం నాకు సెప్పకు.
ఆ కారణం నాకొద్దు" అంది.
నేనేం అనలేదు.
దాని వేళ్లమీద తోలు లేదు.

ఒక గురువారం నాలుగో మంచం ఖాళీ.
ఢిల్లేశు రాలేదు. దుప్పటి మార్చేశారు.
శనివారానికి ఆ మంచంమీద లోకనాథం,
ఇరవైమూడేళ్లు,
సూది చూసి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాడు.
నా కుడిచెయ్యి ఖాళీగానే ఉంది.
చాపాను. పట్టుకున్నాడు, గోళ్లు దిగేటట్టు.
"సూడకు. పంకా సూడు. రెక్కలు లెక్కెట్టు."
"మూడేగా ఉన్నాయి."
"మళ్లీ లెక్కెట్టు."
నవ్వాడో ఏడ్చాడో, సూది దిగిపోయింది.

ఇందుకే నన్నిలా పడేశాడని అనను.
ఒక కుర్రాడి చెయ్యి పట్టుకోవడానికి
రెండు మూత్రపిండాలు తీసుకునే దేవుడైతే
ఆ బేరం నాకూ వద్దు.
కానీ ఆ పూట అక్కడ ఒక చెయ్యి కావాలి.
ఉంది.
అది నా చెయ్యే గాని
చాపిందెవరో నాకు సరిగ్గా తెలీదు.

తిరుగు ఆటోలో ఒళ్లు తేలిగ్గా ఉంటుంది,
చింపిన కాగితంలా.
గొంతు ఎండిపోయి, బీల మీంచి వచ్చే తడిగాలిని
నోరు తెరిచి తాగుతాను.
దానికి కొలత లేదు. హైమ సిస్టరు తూకంలో పడదు.
ఆ గాలికి దండం పెట్టుకుంటాను,
తువ్వాలు కింద, ఎవరికీ కనపడకుండా.

నా ఎడమ మోచేతి మలుపులో
నరానికి నరం కలిపి కుట్టారు.
అప్పట్నించి రాత్రీ పగలూ అక్కడ ఒక మోత,
దూరంగా అలలు విరుగుతున్నట్టు.
అది ఆగితే పరిగెత్తుకు రమ్మన్నారు.

దమయంతి దీపం పెట్టడం మానేసి రెండేళ్లు.
కానీ రోజూ పడుకోబోయే ముందు
లైటార్పి, జుట్టు వెనక్కి తోసుకుని
నా మోచేతి మీద చెవి ఆనిస్తుంది.
ఊపిరి బిగబట్టి వింటుంది.
నేనూ బిగబడతాను.

"ఉంది" అంటుంది.

అప్పుడు పడుకుంటాం.