మిగులు

తార్నాకలో మా ఆఫీసు, మూడో అంతస్తు.
మారుమూల గూడేలకు నీళ్ళిచ్చే సంస్థ మాది.
కింద గేటు దగ్గర
మా కోసం వచ్చిన నీళ్ళ ట్యాంకరు.

ఏప్రిల్. పన్నెండుంబావు.
లిఫ్టును నమ్మక మెట్లెక్కి వచ్చారు ముగ్గురు:
సిడాం లేతుబాయి, ఆమె వదిన,
వెనక రేకుడబ్బాతో ఆత్రం మాన్కు.
ఆసిఫాబాద్ బస్సు రాత్రంతా కుదిపిన ఒళ్ళు.

డబ్బాలోంచి నోటుబుక్కు తీశారు.
అట్ట మీద ఏ పిల్లో రాసిన ఏడో ఎక్కం.
లోపల మా డబ్బు.
సిమెంటు ఇరవై ఆరు బస్తాలు
(ఒకటి వానకు తడిసింది, తప్పు మాన్కుది).
మేస్త్రికి రెండు కోళ్ళు అని రాసి
కోళ్ళు ఊరివే కదా అని కొట్టేశారు.

బోరు కోసం మేం పంపిన డబ్బు అది.
వాళ్ళు ఏడు రాత్రులు కూర్చుని
బోరు వద్దనుకున్నారు.
తాతలనాటి ఊటచెలిమెకు
రాతికట్టు కట్టుకున్నారు.

ఆ వారం ఫైల్లో ఎర్రసిరాతో
"లబ్ధిదారులకు అవగాహన లేదు" అని రాసింది
నేనే.

మిగిలింది రెండువేల మూడువందల నలభై.
లేతుబాయి బల్ల మీద పెట్టింది.
"గిది మీది."

పన్నెండేళ్ళ నౌకరీలో
బయటికి పోయే డబ్బే చూశాను.
తిరిగొచ్చిన డబ్బుకు మా ఫారంలో గడి లేదు.
సారును అడిగితే ఫోనులోంచి తల ఎత్తకుండా
"దారి ఖర్చులని రాసెయ్" అన్నారు.
"దారి ఖర్సు ఊరు పెట్టుకున్నది" అంది వదిన.
ఆమె మాట్లాడింది ఆ ఒక్కసారే.

"మా లెక్క అయింది. ఇగ మీది సూపుండ్రి.
మా గూడెం పేరు మీద ఎంతొచ్చింది?
జీపుకెంత? గోడ మీది గా బొమ్మకెంత?
గండ్ల ఉన్నది నేనే గద,
నన్నెవలడిగిండ్రు?"

కంప్యూటర్ని వాళ్ళ వైపు తిప్పాను.
నేను చదువుతుంటే మాన్కు వేళ్ళ మీద కూడుతున్నాడు.
"హోటల్ గది, రెండు రాత్రులు" దగ్గర
నా గొంతు కొంచెం పరుగెత్తింది.
"మల్ల సదువు" అంది లేతుబాయి.
మళ్ళీ చదివాను.

వెళ్ళేముందు నీళ్ళడిగింది.
సగం తాగి, "యాడి నీళ్ళు బిడ్డా?"
ట్యాంకరువి.
"ట్యాంకరుకు?"
గోదారి నుంచి అన్నాను, గొట్టాల్లో.
గ్లాసులోకి చూసింది చాలాసేపు,
చుట్టాన్ని ఊరుగాని ఊళ్ళో చూసినట్టు.
"ఒడ్డు మీదోళ్ళను అడిగిండ్రా?"

మెట్లు దిగిపోయారు.
కింద ట్యాంకరు పైపు విదిల్చుకుంటోంది,
కారిన నీళ్ళు రోడ్డు మీద ఆరిపోతున్నాయి.

కవరు ఇంకా నా సొరుగులోనే ఉంది.
సోమవారం ఆడిటరు వస్తాడు.
ఫారం అడుగున, స్కేలు పెట్టి,
పెన్సిలుతో ఒక గడి గీశాను.
దానికేం పేరు రాయాలో
లేతుబాయిని అడగాల్సింది.