స్వగ్రామం అనే గడి

బ్రాడీపేట నాలుగో లైన్లో
ఎమ్మెల్యే గారి క్యాంపు ఆఫీసు మెట్ల కింద
ఏడింటికే చెప్పుల వరస.
మా ఆరుగురిలో ముగ్గురికి చెప్పుల్లేవు.
బయట విడిచినవి మూడు జతలే,
లెక్కకి మేం సగమే వచ్చినట్టు.

సోడి దేవె కొంగులో మిరప ఘాటు.
బల్ల మీద పక్కనున్న కాంట్రాక్టరు రెండుసార్లు తుమ్మి
అవతలికి జరిగాడు.
నాలుగు నెలలు ప్రత్తిపాడు చేలల్లో కాయ కోసి,
యార్డులో తొడిమలు తీసి,
ఆ వేళ్ళతో బిడ్డ కళ్ళు తుడవకూడదని
మోచేత్తో తుడవడం నేర్చుకుంది.

అర్జీ నేనే రాశాను.
ముప్పై ఏళ్ళు లూథరన్ బడిలో తెలుగు చెప్పినదాన్ని,
అర్జీ ఓ లెక్కా అనుకున్నా.
పేరు దగ్గర పేరు. వయసు దగ్గర,
పెద్ద వానల ఏడు పుట్టిందంటే ఇరవై ఆరు వేశా.
స్వగ్రామం అన్న గడి దగ్గర కలం ఆగింది.
దుబాసీగా వచ్చిన కుర్రాడు మూకా
ఒక్క ముక్కలో చెప్పాడు:
"కాలిపోయింది టీచర్."
రెండుసార్లట. ఒకసారి వాళ్ళు, ఒకసారి వీళ్ళు.
ఎవరు వాళ్ళో ఎవరు వీళ్ళో నేనడగలేదు.
గడిలో అడ్డంగా గీత గీశాను.
బడిలోనైతే దానికి సున్నా వేసేదాన్ని.

పదకొండు దాటాక పిలుపు.
సారు మంచివాడే. కుర్చీలు వేయించాడు,
మజ్జిగ ఇప్పించాడు.
పిల్లలకి బడి, రేషను కార్డు,
ఇక్కడి జాబితాలో లేని వాళ్ళ తెగకి ఒక కాగితం,
అంతవరకు చదివి
తలెత్తకుండానే అడిగాడు:
"వీళ్ళకిక్కడ ఓటుందామ్మా?"

ఆ అడగడంలో కోపం లేదు, వెటకారం లేదు.
వంకాయలు కిలో ఎంత అన్నట్టుంది.
మూకా ఆ మాట తర్జుమా చేయలేదు.
దేవెకి అక్కర్లేకపోయింది.

ఆటోలో వల్లె వేసుకుంటూ వచ్చాను,
రాజ్యాంగం, మానవత్వం, ఇంకా పెద్ద మాటలు.
ఒక్కటీ నోటికి రాలేదు.
పర్సులోంచి నా ఓటరు కార్డు తీసి
ఆయన టేబులు అద్దం మీద పెట్టాను.
"నాకుందండి. రూతమ్మ.
ఈసారికి దీన్ని వీళ్ళదనుకోండి."

పీఏ నవ్వాడు. సారు నవ్వలేదు.
కార్డులో ఫొటో, నా మొహం, మార్చి మార్చి చూశాడు.
ఫొటోలో నా జుట్టింకా నలుపే.
"తహసీల్దారుతో మాట్లాడతా" అని
అర్జీ మూల ఏదో గీకాడు.
అది 'పరిశీలించండి'యో, 'చూద్దాం'యో,
అన్ని వేల చేతిరాతలు దిద్దిన నాకే అంతుపట్టలేదు.

బయట ఎండ. శంకర్ విలాస్ సెంటరు దాకా నడిచాం.
దేవె కొంగు ముడి విప్పింది:
గుప్పెడు ఎండుకాయలు,
కోతయ్యాక చేలో ఏరుకున్న పరిగె.
సారుకిద్దామని తెచ్చిందట.
మజ్జిగ తాగాక కూడా ఇవ్వబుద్ధి కాలేదట.
నా చేతిలో పోసింది.

తర్వాత నకలు కాగితం మీది గీతను వేలితో చూపించి
మూకాతో ఏదో అంది.
"ఊరి పేరు చెప్తానంటోంది టీచర్.
మీరు తననడగలేదు గదా, అంటోంది."

చెప్పింది. మూడక్షరాలు.
మధ్యలో గొంతు లోపల ఎక్కడో రాసుకునే ధ్వని,
నా యాభై ఆరింట్లో దానికి చోటు లేదు.
ర రాసి కొట్టేశా. ళ రాసి కొట్టేశా.
నేనే పిల్లలకి అక్కర్లేదని చెప్పి వదిలేయించిన
బండి ఱ రాసి, పైకి చదివాను.

దేవె తల అటూ ఇటూ ఆడించింది.
సరిగ్గా కాదు,
కాస్త దగ్గరికొచ్చావు అన్నట్టు.