ఏడో బల్ల

ఆదివారం పొద్దుగాల
చెప్పులు మెట్ల మీదనే ఇడిసి
అందరం చీపుర్లు పట్టుకొని వచ్చినం.
కిషన్‌పురల, టైర్ల షాపు మీద, రెండో అంతస్తు.
తొమ్మిదేండ్ల కింద ఈ గదిల ఇద్దరమే,
నేను, ఒక కంప్యూటరు.
ఉడుకపోస్తే ఫ్యాను దాని దిక్కే తిప్పేదాన్ని.

ఇప్పుడు ఆరుగురం.
తెల్లారితే రఘునాథపల్లి నుంచి ఏడో మనిషి వస్తది.
ఆమెకు బల్ల లేదు.
బల్ల తెచ్చినా పెట్ట జాగ లేదు.

నౌషీన్ సుద్దముక్క తీసి
నేల మీద గీసింది,
జంపఖానాకు గ్రాఫు గీసినంత పద్ధతిగ.
ఇక్కడ ప్రింటరు, ఇక్కడ నూలు చిట్టాల అల్మార,
ఇది నడిచే తొవ్వ,
ఇది మోకాలు తగిలే మూల.
తిరుమలేశ్ ఆ గీతల నడుమ కూసొని
లేని కీబోర్డు మీద వేళ్లాడించి
"మోచెయ్యి పక్కింట్లకు పోతాంది" అన్నడు.
చెరిపినం. గీసినం. మళ్ల చెరిపినం.
ఎట్ల గీసినా మగ్గమే అడ్డం.

మగ్గం సంగతి చెప్పాలె.
నమూనా నేసి చూసుకునేతందుకు
కొత్తవాడ నుంచి కట్టె కట్టె మోసుకొచ్చి
ఈ గదిలనే బిగించిండు మార్కండయ్య.
తలుపు మూడడుగుల మూడంగుళాలు,
మగ్గం అయిదున్నర.
లోపలికి రాలే అది, లోపలనే పుట్టింది.
"విప్పుదామా?" అని విజయేందర్ అడిగితే
ముసలాయన పడుగు మీద అరచెయ్యి పెట్టి
"సగంల ఉన్నది బిడ్డా, నడుమ విప్పరు" అన్నడు.
ఇగ మేమే జరిగినం.

గోడ రంగు ఇంకో లొల్లి.
రంగులతోనే బువ్వ తినేటోళ్లం గదా,
ఒకరు బెల్లం అంటరు, ఒకరు చిలుక పచ్చ,
నౌషీన్ వాన మబ్బు కావాల్నంటది.
మార్కండయ్య కండె చుట్టుకుంటనే అన్నడు:
"తెల్లగ ఎయ్యిండ్రి.
ఎర్ర నూలు పట్టి చూసినప్పుడు
గోడ అబద్ధమాడొద్దు."

అల్మార జరిపితే దాని ఎనుక
దుమ్ముల చుట్టుకపోయిన ఒక కాయితం.
నీలం నెమలి. మూడు కాళ్లు.
"ఈ గడులు లెక్కపెట్టింది ఎవరు?" అని
ఒకటే నవ్వులు.
నేనే.
మొట్టమొదటి ఆర్డరు, వాపసొచ్చింది.
ఆ రాత్రి లైటు బంద్ చేసుకొని ఏడ్చిన సంగతి
వీళ్లకు చెప్పలే.
స్విచ్చుబోర్డు మీద అంటించిండ్రు నెమలిని,
నేను వద్దంటున్న కొద్దీ నాలుగు మూలలా టేపు.

సాయంత్రం సోమాచారి వచ్చిండు, రంపంతోని.
గది చుట్టూ చూసి, నా బల్ల దగ్గర నిలవడి
"ఇది కోస్తే రెండయితయి" అన్నడు.
పరకాల రైసుమిల్లోల్లు అమ్మిన టేకు బల్ల,
ఏడున్నర అడుగులు.
మొదటి జీతాలు దీని మీదనే లెక్కపెట్టి ఇచ్చిన,
జీతం మిగలని నెల దీని మీదనే పండుకున్న.
"కొయ్యి" అన్న.
నోరు అన్నది గని చెయ్యి బల్ల మీదికెళ్లి రాలే.
ఛాయ తాగొస్తనని కిందికి దిగిన.
టైర్ల షాపు గాలి మిషను ఎంత మోగినా
రంపం చప్పుడు వినబడ్డది.

ఎక్కి వచ్చేవరకు
గదంత టేకు పొట్టు వాసన.
ఎప్పటిదో ఛాయ గ్లాసు మరక, గుండ్రంగ ఉండేది,
సగం ఇటు, సగం అటు.

నా కుర్చీ ఇప్పుడు మగ్గానికి ఆనుకొని ఉన్నది.
ముసలాయన తొక్కుచెక్క తొక్కినప్పుడల్లా
నా వీపు కదులుతది.
గీసేటప్పుడు గీత వంకర పోతది.
పోనీ.

సోమారం తొమ్మిదింటికే వచ్చింది రవళిక.
సగం మరక మీద సద్ది డబ్బా పెట్టి
"అక్కా, బల్ల పాతదా?" అన్నది.
"సగం" అన్న.
ఆమెకు సమజ్ కాలే, అయినా తల ఊపింది.
వంగి ఛార్జరు తీగ గుంజింది,
ప్లగ్గు దాక రాలే.
జానెడు తక్కువ.

నౌషీన్, ఆ సుద్దముక్క ఏడ పెట్టినవ్?